కడుపునకు కట్టిన పట్టీ

"నోరు కట్టుకొని, కడుపు కట్టుకొని పిల్లలను చదివించినాము" అని మన పెద్దలు చెప్పుట అందరమును విన్నదే. అన్నము చాలని కాలమున పుట్టిన పలుకుబడి యది. తినవలసినది తినక మిగుల్చుట అనియే దాని యర్థము. అయితే గత నాలుగు దశాబ్దములుగా పాశ్చాత్య దేశముల శస్త్రవైద్యులు ఈ మాటను అక్షరాలా ఆచరణలో పెట్టినారు. మితిమీరి స్థూలించిన మనుష్యుని జీర్ణాశయమునకు నిజముగనే ఒక పట్టీని కట్టి, కొద్దిపాటి ఆహారముతో తృప్తి కలుగునట్లు చేయజూచినారు. లేమి వలన కట్టుకొన్న కడుపు ఒకటి, కలిమి వలన కట్టించుకొన్న కడుపు వేరొకటి.

ఈ విషయము ఇప్పుడేల యని పాఠకులు అడుగవచ్చును. 2024 జూలైలో వాణిజ్య వార్తల నడుమ ఒక చిన్న వార్త వచ్చినది. 'లాప్‌బ్యాండు' అను పేర లోకప్రసిద్ధమైన జఠర పట్టీకి యజమానియైన రీషేప్ లైఫ్‌సైన్సెస్ అను అమెరికా సంస్థ, ఆ పట్టీతో కూడిన తన ఆస్తులను బయోరాడ్ మెడిసిస్ అను భారతీయ సంస్థకు అనుబంధమైన కంపెనీకి అమ్ముటకు ఒడంబడిక చేసికొన్నది. 2008లో ప్రపంచమందు జరిగిన స్థూలకాయ శస్త్రచికిత్సలలో నూటికి 42 ఈ పట్టీలే. 2019 నాటికి అమెరికాలో ఆ సంఖ్య నూటికి ఒకటి కంటెను దిగిపోయినది. అంత ఎత్తునకు ఎక్కి అంత త్వరగా దిగిన సాధనము వైద్యచరిత్రలో తరచుగా కానరాదు. అట్టి వస్తువు మనవారి చేతులలోనికి వచ్చు సందర్భమున దాని పూర్వకథను తెలిసికొనుట అవసరము.

ముందుగా ఒక మాట. పత్రికలలో నేడు విరివిగా వాడుచున్న 'ఊబకాయము' అను పదము నాకు రుచింపదు. ఊబ యనగా వాపు. బోదకాలునే ఊబకాలని కూడ అందురు. ఆ పదములోనే కొంత హేళన ధ్వనించును. 'స్థూలకాయము' అనునది నిందలేని మాట. మాటలో ఏమున్నదని కొట్టివేయరాదు. తరగతిలో లావుపాటి బాలునికి తోడి పిల్లలు పెట్టు పేర్లు ఎట్టివో ఉపాధ్యాయులు ఎరుగుదురు. కొన్ని సమయములలో ఆ పేర్లను విని ఉపాధ్యాయులే నవ్వుట కూడ కద్దు. తిండిపోతుతనము వలన లావగుదురని, నోరు కట్టుకొన్నచో సన్నబడుదురని లోకమున స్థిరపడిన నమ్మకమే ఆ నవ్వునకు మూలము. ఆ నమ్మకము ఎంతవరకు నిజమో పట్టీ చరిత్రయే చెప్పగలదు.

వైద్యులు స్థూలత్వమును ఒక సూచితో కొలుచుదురు. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గముతో భాగించిన వచ్చు సంఖ్య యది. ఆంగ్లాక్షరములలో దానిని బి.ఎం.ఐ. అందురు. 160 సెంటీమీటర్ల ఎత్తుగల వ్యక్తి 64 కిలోలున్నచో సూచి 25, సుమారు 90 కిలోలున్నచో 35, 102 కిలోలకు మించినచో 40. సూచి 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహము వంటి వ్యాధులు కూడ ఉన్నవారికి శస్త్రచికిత్స చేయవచ్చునని 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన సదస్సు నిర్ణయించినది. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘములు ఈ మేరలను ఇంకను తగ్గించినవి. ఆసియా వారికి తక్కువ బరువుననే మధుమేహము పట్టుకొనును గనుక, మనకు 25 నుండియే స్థూలకాయముగా లెక్కింపవలెనని వారి యభిప్రాయము.

శస్త్రచికిత్స దాకా ఏల పోవలెను, పథ్యము చాలదా? స్వీడనులో 1987లో ఆరంభమైన ఒక మహాపరిశీలన ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది. శస్త్రచికిత్స పొందిన రెండువేల పైచిలుకు మందిని, సాధారణ చికిత్స మాత్రమే పొందిన అంతే మందితో పోల్చుచు ఏండ్ల తరబడి అనుసరించిరి. పదేండ్ల తరువాత సాధారణ చికిత్స పొందినవారి సగటు బరువు మొదటి బరువునకు రెండు శాతము అటునిటుగా నిలిచినది. అంతమంది పదేండ్ల పాటు సంకల్పబలము లేక సోమరులై యుండిరని ఎవడనగలడు? బరువు తగ్గిన దేహము తన పూర్వపు బరువును తిరిగి సంపాదించుకొనుటకు పాటుపడును. ఆకలిని పెంచును, శక్తి వ్యయమును తగ్గించును. ఈ పోరాటములో మనస్సు ఒంటరిగా గెలుచుట అరుదు. ఆ పరిశీలనలోనే శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు నాలుగవ వంతు మేర తగ్గినట్లు 2007లో ప్రకటించిరి.

ఇక పట్టీ సంగతి. అన్నవాహిక జీర్ణాశయముతో కలియు చోటునకు కొంచెము దిగువగా ఒక కంకణమును చుట్టుదురు. పైన బొటనవ్రేలంత చిన్న సంచి, క్రింద మిగిలిన జీర్ణాశయము, నడుమ సన్నని ద్వారము ఏర్పడును. కోయుట లేదు, కుట్టి వేరుచేయుట లేదు, ప్రేగులను మళ్లించుట లేదు. ఈ సరళత్వమే జనులను ఆకర్షించినది. అవసరమైనచో తీసివేయవచ్చును. స్త్రీ గర్భవతియైనచో సడలింపవచ్చును. ఈ రెండవ సౌకర్యము మరి యే యితర పద్ధతిలోను లేదు.

ఈ కంకణమును ఒక్కరు ఒక్కనాడు కనిపెట్టలేదు. 1978లో అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున విల్కిన్‌సన్, పెలోసో అను వైద్యులు రెండు సెంటీమీటర్ల వెడల్పుగల ప్లాస్టిక్ వల ముక్కను జీర్ణాశయము పైభాగమున చుట్టిరి. తరువాత రెండేండ్లకు హ్యూస్టనులో మొలీనా అను వైద్యుడు డేక్రాను పట్టీని ఉపయోగించెను. ఈ తొలి పట్టీలన్నియు స్థిరమైనవి. ఒకసారి బిగించిన బిగువే తుదివరకు. ఒకరికి బిగువు చాలదు, వేరొకరికి మ్రింగుడు పడదు. సడలింపవలెనన్నను, బిగింపవలెనన్నను మరల కడుపు కోయవలసినదే. పైగా ఆ వల ముక్కలు చుట్టుపట్ల కండరములతో అతుకుకొనిపోయి, తీయబోయిన వైద్యునికి కష్టము తెచ్చిపెట్టినవి.

అమెరికాలోని న్యూజెర్సీలో స్థిరపడిన లుబోమీర్ కుజ్మాక్ మొదట 1983లో సిలికోను పట్టీని తెచ్చెను. సిలికోను మెత్తనిది, అంటుకొనదు. 1986లో అతడు దాని లోపలి యంచున గాలితిత్తి వంటి ఒక బుడగను చేర్చెను. ఆ బుడగనుండి సన్నని గొట్టము ఒకటి వచ్చి, పొట్టచర్మము క్రింద కండరమునకు కుట్టిన చిన్న బిళ్లలో ముగియును. దానినే పోర్టు అందురు. చర్మము మీదుగా సూది గ్రుచ్చి, బిళ్లలోనికి కొంచెము సెలైను ఎక్కించినచో బుడగ ఉబ్బి ద్వారము బిగియును. వెనుకకు లాగినచో సడలును. కోత లేదు, మత్తు లేదు. దాదాపు అదే కాలమున స్వీడనులో హాల్బర్గ్, ఫోర్సెల్ అనువారు ఇట్టి పట్టీనే వేరుగా రూపొందించిరి. ఒకే ఊహ రెండు చోట్ల ఒకేమారు మొలకెత్తుట శాస్త్రలోకమున క్రొత్త కాదు.

అయినను ఈ పట్టీని అమర్చుటకు కడుపును పొడుగునా కోయవలసియే యుండెను. బాల్యమున ఇథియోపియాలో పశువులు కాచి, తరువాత బెల్జియములో శస్త్రవైద్యుడైన మితికు బెలాచ్యూ, 1993 సెప్టెంబరు 1వ తేదీన హ్యూయ్ పట్టణమున, చిన్న రంధ్రముల గుండా లాప్రోస్కోపుతో సవరింపదగిన పట్టీని అమర్చెను. దానితో పట్టీ దశ తిరిగినది. రోగి ఒకటి రెండు దినములలో ఇంటికి పోవచ్చును. 2001 జూనులో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ లాప్‌బ్యాండునకు అనుమతి నిచ్చినది. 2007లో స్వీడను పట్టీకి 'రియలైజ్' అను పేర అనుమతి లభించినది. ఫ్రాన్సులో మిడ్‌బ్యాండు, హీలియోగాస్ట్ అనునవి బయలుదేరినవి.

ఇన్ని పట్టీలున్నప్పుడు ఏది మేలు? పట్టీల తేడాలు మూడు సంగతులలో తేలును. మొదటిది, స్థిరమా సవరింపదగినదా యనునది. ఈ విషయమున వాదమే లేదు, స్థిరమైనవి అంతరించినవి. రెండవది, బుడగ యొక్క కొలత. తొలి లాప్‌బ్యాండు ఇరుకైనది, నాలుగు మిల్లీలీటర్ల సెలైనుతో నిండును. లోపలి ఒత్తిడి హెచ్చు. స్వీడను పట్టీ వెడల్పైనది, తొమ్మిది మిల్లీలీటర్లు పట్టును, ఒత్తిడి తక్కువ. సన్నని త్రాడు మెడను కోయును, వెడల్పైన కండువా కోయదు గదా! ఆ తర్కముతోనే లాప్‌బ్యాండువారు కూడ తరువాత వెడల్పైన మెత్తని నమూనాను తెచ్చి దానికి 'ఏపీ' అని పేరు పెట్టిరి. మన రాష్ట్రముతో దానికేమియు సంబంధము లేదు. పురోగమించిన నమూనా యని యర్థము వచ్చు ఆంగ్లపదముల తొలి యక్షరములవి. మూడవది, పట్టీని దూర్చు మార్గము. పూర్వము జీర్ణాశయపు గోడను ఆనుకొని దూర్చెడివారు. అట్లు దూర్చినప్పుడు వెనుకగోడ పట్టీ గుండా పైకి జారి ద్వారము మూసికొనుట తరచుగా జరిగెడిది. పక్కనున్న పలుచని పొర గుండా దూర్చు మార్గము వచ్చిన తరువాత ఈ జారుడు బాగుగ తగ్గినది.

ఈ మూడింటిలో విక్రేతలు ఎక్కువగా వాదించుకొన్నది రెండవదానిని గూర్చి. రోగికి ఎక్కువ మేలు చేసినదో, మూడవది! దానిలో అమ్మదగిన వస్తువేదియు లేదు. స్విట్జర్లాండులో సూటర్ అను వైద్యుడు, ఆయన సహచరులు 180 మందిని తీసికొని, చీట్లు వేసినట్లుగా కొందరికి లాప్‌బ్యాండును, కొందరికి స్వీడను పట్టీని కట్టి 2005లో ఫలితములు ప్రకటించిరి. మొదట లాప్‌బ్యాండు కట్టినవారు కొంత వేగముగ తగ్గిరి. పోను పోను ఇరువురును ఒక్కటే యయిరి.

పట్టీకి పట్టీకి నడుమ గల వ్యత్యాసము ఇంతే. మరి ఒకే పట్టీకి ఊరికి ఊరికి నడుమ గల వ్యత్యాసమును చూడుడు. ఇచ్చటనే అసలు కథ యున్నది.

బ్రస్సెల్సులో హింపెన్స్ అను వైద్యుని బృందము 1994 నుండి 1997 వరకు పట్టీ కట్టిన 151 మందిని పండ్రెండేండ్లకు పైబడిన తరువాత వెదకినది. దొరికినవారు 82 మంది. వారిలో నూటికి 39 మందికి పెద్ద చిక్కులు కలిగినవి. నూటికి 28 మందిలో పట్టీ జీర్ణాశయపు గోడను ఒరసి లోనికి చొచ్చుకొనిపోయినది. సుమారు సగము మంది పట్టీలను తీసివేయవలసి వచ్చినది. 2011లో ఈ లెక్కలు వెలువడగనే పట్టీ ప్రతిష్ఠ కుప్పకూలినది. ఇంతటి కష్టములు పడినను ఆ రోగులలో నూటికి అరువది మంది తాము సంతృప్తులమే యని చెప్పిరి! స్థూలకాయముతో బ్రతుకుట ఎంతటి బాధయో ఈ ఒక్క అంకె చెప్పుచున్నది.

రెండేండ్లకు ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నుండి ఓబ్రయన్ బృందము తమ లెక్కలను ప్రకటించినది. రోగులు 3,227 మంది. పదునైదేండ్లు నిండినవారు కొద్దిమందియే గాని, వారు తమ అదనపు బరువులో నూటికి 47 పాళ్లు పోగొట్టుకొనియే నిలిచిరి. అదనపు బరువనగా సూచి 25కు మించిన బరువు. 160 సెంటీమీటర్ల ఎత్తుండి 104 కిలోలు తూగువానికి అది 40 కిలోలు. దానిలో 19 కిలోలు పోయి తిరిగి రాలేదన్నమాట. పట్టీ తీసివేయవలసి వచ్చినది నూటికి ఆరుగురి కంటె తక్కువ. గోడలోనికి చొచ్చుకొనినది నూటికి మువ్వురు నలుగురిలో.

ఒకచోట సగము, వేరొకచోట ఆరు! పట్టీ అదే జాతిది. మనుష్యులు వేరగుదురా? బ్రస్సెల్సు లెక్క తొలినాళ్ల పట్టీలది, తొలినాళ్ల మార్గముది, నేర్చుకొను దశలోని చేతులది. ఈ సంగతి మరువరాదు. మెల్బోర్న్ కేంద్రమునకు పట్టీ తయారుచేయు సంస్థ ధనసహాయము చేసినదనియు మరువరాదు. అయినను, మెల్బోర్న్‌వారు చేసిన ఒక పనిని ఈ కారణములు కప్పిపుచ్చలేవు. వారు రోగిని విడిచిపెట్టలేదు. పట్టీ కట్టిన పిమ్మట రోగి పదే పదే వచ్చుటకు, కొంచెము కొంచెముగ సెలైను ఎక్కించుటకు, ఏమి తినుచున్నాడో ఎట్లు నమలుచున్నాడో విచారించుటకు వేరుగ ఒక వ్యవస్థను నిర్మించుకొనిరి. మరల మరల శస్త్రచికిత్స వారికిని తప్పలేదు. సంచి ఉబ్బుట నూటికి 26 మందిలో, గొట్టము లేదా పోర్టు చెడుట నూటికి 21 మందిలో కనిపించినది. కాని చిక్కు వచ్చిన వెంటనే తెలిసికొని సరిదిద్దువారు దగ్గరనే యుండిరి.

ఆ మెల్బోర్న్‌లోనే 14 నుండి 18 ఏండ్ల ప్రాయముగల 50 మంది పిల్లలపై జరిగిన పరీక్షను ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగును. దాని ఫలితములు 2010లో వెలువడినవి. సగము మందికి పట్టీ కట్టిరి, సగము మందికి ఆహార వ్యాయామ శిక్షణ నిచ్చిరి. రెండేండ్లలో పట్టీ కట్టినవారిలో 21 మంది తమ అదనపు బరువులో సగమునకు మించి తగ్గిరి. శిక్షణ మాత్రమే పొందినవారిలో అట్లు తగ్గినవారు ముగ్గురు. అయితే పట్టీ పిల్లలలో ఏడుగురికి ఎనిమిది మార్లు తిరిగి శస్త్రచికిత్స చేయవలసి వచ్చినది. ఇరువది యైదుగురిలో ఏడుగురు! కన్నవారికి ఈ రెండు సంఖ్యలను జంటగా చెప్పవలెను. మొదటిదానిని మాత్రమే చెప్పుట వ్యాపారము, రెండవదానిని మాత్రమే చెప్పుట పిరికితనము.

పునర్దర్శనము ఎంతటి ప్రధానమో న్యూయార్కు వైద్యులు 2004లోనే చూపిరి. పట్టీ కట్టించుకొని తొలి యేట ఆరు మార్లకు మించి వచ్చినవారు అదనపు బరువులో సగము పోగొట్టుకొనగా, అంతకు తక్కువ మార్లు వచ్చినవారు 42 పాళ్లతో ఆగిపోయిరి. బైపాస్ శస్త్రచికిత్స పొందినవారిలో ఈ తేడా కనబడలేదు. కారణము స్పష్టము. బైపాసులో వైద్యుని పని అధికభాగము బల్లమీదనే ముగియును. పట్టీలో బల్లమీద ఆరంభమగును. పట్టీ చేయునది ఆహారమును అడ్డగించుట కాదనియు, వేగస్ నాడి ద్వారా మెదడునకు తృప్తి వార్తను పంపుటయే యనియు ఓబ్రయన్ వంటివారు వాదింతురు. సడలియున్నచో ఆ వార్త పోదు, మితిమీరి బిగిసినచో అన్నము దిగదు. రొట్టె, పీచు మాంసము వంటివి గొంతు క్రింద నిలిచి వాంతియగును. అప్పుడు రోగి సులభముగ జారునట్టి ఐస్‌క్రీమునకు, మిల్క్‌షేకునకు అలవాటుపడును. మన యిండ్లలో నైనచో పాయసమునకు! బరువు పెరుగును. చూచువారు జిహ్వచాపల్యము అందురు. నిజమునకు అది బిగువు తప్పిన పట్టీ. రెండు మిల్లీలీటర్ల సెలైను వెనుకకు లాగినచో నయమగు దోషము.

పట్టీ విఫలమైన చోటనెల్ల వినవచ్చు వాక్యము ఒకటి కలదు: "పట్టీ సాధనము మాత్రమే, దానిని వినియోగించుకొనుట రోగి చేతిలోనున్నది." ఈ మాట అబద్ధము కాదు. కాని దీనిని ఎవరు ఎప్పుడు చెప్పుచున్నారో చూడవలెను. అమ్మునప్పుడు ఈ మాట వినరాదు. దక్షిణ కాలిఫోర్నియాలో రహదారుల పొడుగునా ప్రకటన ఫలకములు నిలిపి, అపాయములను గూర్చి చెప్పవలసినంత చెప్పక పట్టీని అమ్మజూచిన ఎనిమిది శస్త్రచికిత్సా కేంద్రములకు, వాటి ప్రచార సంస్థకు 2011 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ హెచ్చరిక లేఖలు పంపవలసి వచ్చినది. అదే సంవత్సరము ఫిబ్రవరిలో ఆ సంస్థయే సూచి 30 ఉండి అనుబంధ వ్యాధి కలవారికి కూడ పట్టీ కట్టవచ్చునని మేరను సడలించియుండెను. ఎక్కువ మందికి అమ్మిరి, తక్కువ మందిని చూచుకొనిరి. ఫలితము అమెరికా వృద్ధుల, వికలాంగుల ప్రభుత్వ బీమా లెక్కలలో బయటపడినది. 2006 నుండి 2013 వరకు పట్టీ కట్టించుకొన్న 25,042 మందిలో 4,636 మందికి మరల శస్త్రచికిత్సలు జరిగినవి. ఒకసారితో పోలేదు, మొత్తము 17,030. పట్టీల నిమిత్తము బీమా చెల్లించిన సొమ్ములో సుమారు సగము ఈ మరమ్మతులకే పోయినది. 2017లో ఈ లెక్క ప్రకటితమగునాటికి రోగులు స్లీవ్ అను పద్ధతి వైపు మరలియుండిరి.

స్లీవ్ అనగా జీర్ణాశయమును నిలువునా కోసి, అధికభాగమును తీసివేసి, చొక్కాచేతి వంటి గొట్టమును మిగుల్చుట. బైపాసులో చిన్న సంచిని మిగిల్చి దానిని ప్రేగుతో నేరుగ కలుపుదురు. ఈ మూడింటిని బ్రిటనులో 1,300 మందికి పైగా రోగులపై పోల్చిన పరీక్ష ఫలితములు 2025లో వెలువడినవి. మొదట పట్టీని, బైపాసును మాత్రమే పోల్చదలచి, స్లీవ్ వ్యాపించుచుండుట చూచి దానిని కూడ నడుమ చేర్చుకొనిరి. మూడేండ్లలో అదనపు బరువులో సగమైనను పోగొట్టుకొన్నవారు బైపాసులో నూటికి 68, స్లీవులో 41, పట్టీలో 25. ఇంతకంటె స్పష్టమైన తీర్పు ఉండబోదు. స్వీడను పరిశీలనలోను వరుస ఇట్టిదే. పదేండ్లకు బైపాసువారు మొత్తము బరువులో నాలుగవ వంతు, పట్టీవారు ఏడవ వంతు తగ్గియుండిరి. పట్టీకి మిగిలిన గొప్ప ఒక్కటే, అది భద్రత. 2009లో ప్రకటింపబడిన అమెరికా పరిశీలనలో పట్టీ కట్టించుకొన్న 1,198 మందిలో ముప్పది దినములలోపల ఒక్కరును మరణింపలేదు. లాప్రోస్కోపు బైపాసులో వేయికి ఇద్దరు మరణించిరి. రోగి మొదటి నెలను తలచి పట్టీని కోరుకొన్నాడు, పట్టీ పదవ యేట తన మూల్యమును అడిగినది.

మన దేశములో స్లీవ్, బైపాస్ శస్త్రచికిత్సలే అధికముగ జరుగుచున్నవి. పట్టీ ఇచ్చట పాతుకొనలేదు. అది మంచికే జరిగినదని నా యభిప్రాయము. శ్రీకాకుళము జిల్లా రోగికి హైదరాబాదులో పట్టీ కట్టినచో, తొలి యేట ఎనిమిది పది మార్లు ఎవరు రైలెక్కి వత్తురు? బిగువు మించి వాంతులగుచున్న రాత్రి ఏ పట్టణములో ఏ వైద్యుడు ఆ సూదిని గ్రుచ్చును? ఇది రోగి శ్రద్ధకు సంబంధించిన ప్రశ్న కాదు, దూరమునకు సంబంధించినది. అవసరమా, చాలనున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది, తెలంగాణ స్త్రీలలో 30 మంది అధిక బరువు లేదా స్థూలకాయము గలవారు. దేశపు సగటు 24. వీరందరు శస్త్రచికిత్సకు తగినవారు కారు, వారిలో కొద్దిమందియే ఆ మేరకు చేరుదురు. కాని అంత పెద్ద సంఖ్యలో కొద్ది పాళ్లయినను అనేక వేలు.

ఇప్పుడు వేరొక సాధనము వచ్చినది. 2025 మార్చిలో మౌంజారో, జూనులో వెగోవి అను సూదిమందులు మన విపణిలో ప్రవేశించినవి. వారమున కొకమారు వేసికొనవలెను. వెగోవిలోని సెమాగ్లుటైడు 68 వారములలో సగటున నూటికి 15 పాళ్ల బరువు తగ్గించినట్లు 2021లో ప్రకటించిరి. స్వీడను పరిశీలనలో పదేండ్ల తరువాత పట్టీవారి తరుగుదల కూడ ఇంచుమించు అంతే! మందు ఆపిన యేడాదిలోపల, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లును అనంతర పరిశీలన చూపినది. పట్టీ తీసివేసినవారి యనుభవమును ఇట్టిదే. అనగా ఈ వ్యాధికి ఏ సాధనమును ఒకనాడు కొని ముగించునది కాదు. రక్తపుపోటు రోగికి మాత్ర ఆపగనే పోటు పెరిగినచో ఎవ్వరును వాని స్వభావమును తప్పుపట్టరు. స్థూలకాయునికి మాత్రము ఆ న్యాయము నేటికిని దక్కలేదు.

లాప్‌బ్యాండు కథ ముగియలేదు. 2023 డిసెంబరులో మింగుడుపడని ముద్దకు తనంతట తాను కొంత సాగి దారినిచ్చు క్రొత్త నమూనాకు అమెరికాలో అనుమతి లభించినది. భారతీయ యాజమాన్యమున అది మన నగరములకు వచ్చునేమో చూడవలెను. వచ్చినచో ప్రకటనలు కూడ వచ్చును. అప్పుడు రోగి బంధువులు వైద్యశాలవారిని అడుగవలసినవి పట్టీ పొడవు వెడల్పులు కావు. మా జిల్లాలో సెలైను ఎక్కించువారు ఎవరు, ఎన్ని యేండ్లు ఉందురు, ఒక్కొక్క మారు ఎంత ఖర్చు, పదవ యేట తీయవలసి వచ్చినచో ఎవరు తీయుదురు, ఆ ఖర్చు మొదటి బిల్లులో చేరినదా లేదా, బీమావారు దానికి వ్రాతపూర్వకముగ ఒప్పుకొన్నారా?